గోడ మీద మా పేర్లు

సాయంత్రం నుంచి ఈ తడిగుడ్డ నా చేతిలోనే ఉండాది.

అరవసీమ గుడియాత్తంలో మా తెలుగు నేతగాళ్ళకు ఒక సావడి ఉండాది. మగ్గం దిగినాక ఆడికి పోయి పులిజూదం ఆడతాం, పేపరు చదివించుకుని వింటాం. నలభై ఏళ్ళకు నేను అక్షరాలు నేర్చుకునింది కూడా ఆడనే. పేరు రాయను వచ్చినోళ్ళమంతా సంబరంగా గోడ మీద బొగ్గుతో రాసుకుంటిమి.

ఈ పొద్దు ఎర్ర తలపాగా పోలీసాయన వచ్చినాడు. స్వరాజ్యం సంగతులుండే పేపరు వినను చేరేవాళ్ళ పేర్లు పోలీసోళ్ళు రాసుకుని పోతా ఉండారంట. పళ్ళికొండలో అట్లే ఇద్దర్ని పట్టుకపోయినారు.

"ఈడికి ఎవరెవరు వస్తారు?" అని అరవంలో అడిగినాడు.

"తెలీదు సామీ" అంటిమి అందరమూ, మా పేర్ల కిందనే కూర్చోని.

ఆయన లాఠీతో గోడ చూపించి, "అదేంది?" అన్నాడు. మేము ఒకరి మొగం ఒకరు చూసుకుంటిమి. మాకు చదువు చెప్పే మునిరత్నం తాత మాత్రం తొణకలేదు.

"దేవుని నామాలు నాయనా. దినామూ చదువుకుంటాం."

పోలీసాయనకు తెలుగు చదవను రాదు. తలపాగా తీసి, మా పేర్లకు భక్తిగా దండం పెట్టుకున్నాడు. పోతా పోతా, "రేపు మా ఇనస్పెక్టరును పిలుచుకొస్తా. ఆయనది చిత్తూరు పక్క, తెలుగు బాగా చదువుతాడు" అన్నాడు.

అందరమూ తడిగుడ్డలు పట్టుకుని గోడ ముందర నిలబడితిమి. ఎవరి పేరు చెరపను వాళ్ళకు చెయ్యి రాలేదు. పక్కోడిది చెరపబోతే వాడు ఊరుకోలేదు.

నా పేరు ఇంకా ఆడనే ఉండాది. మీరైతే చెరుపుతారా? తెల్లారేలోపల చెప్పండప్పా.