గోనెపట్టాల వెనక కోళ్లు

తడిసిన గోనెపట్టా వాసన తగిలితే ఇప్పటికీ నా చేతిలో పని ఆగిపోతుంది. ఇవాళ జల్లుకు గుమ్మంలో పరిచిన పట్టా తడిసింది. రాజక్క గుర్తుకొచ్చింది.

డెబ్బైలలో నాందేడ్ పాత బజారు వెనక ఒకే లోగిలిలో ఇద్దరం కిరాయికి ఉండేవాళ్లం. భర్త పోయాక ఆమె బతుకుతెరువుకని పెరట్లో రేకుల షెడ్డు వేసి కోడిపిల్లలను తెచ్చింది. ఇంటివాళ్లు వ్యాపారస్థులు, నీచు ముట్టనివాళ్లు. పెంచుకో గానీ మా కంటపడొద్దన్నారు. ఒకరిచేత మాట పడటమంటే రాజక్కకు చావే. షెడ్డు చుట్టూ పైనుంచి కిందిదాకా గోనెపట్టాలు కుట్టి కట్టేసింది. లోపల పట్టపగలే దీపం, మేతకు ఒట్టి జొన్నలు. నా చంటిపిల్లను ఒళ్లో వేసుకుని ఆ చీకట్లోనే ఆమెతో కబుర్లాడేదాన్ని. నా పిల్ల కూడా ఎండ ఎరగదు. నల్లబడుతుందని మా అత్తగారు వాకిట్లోకి తేనిచ్చేది కాదు.

ఈకలొచ్చే వయసుకు కోడిపిల్లలు నిలబడలేక కూలబడటం మొదలైంది. కాళ్లు వంకర పోయాయి. దిష్టేమోనని రాజక్క ఉప్పు తిప్పి పోసింది. చలిగాలేమోనని ఇంకో వరస పట్టాలు కట్టింది.

చివరికి పశువుల దవాఖాన డాక్టరు వచ్చి ఒక కోడిపిల్ల ముక్కును వేలితో నొక్కితే అది రబ్బరులా వంగింది. ఎండ తగలక, జొన్నల్లో చాలినంత సున్నం లేక ఎముకలు గట్టిపడలేదన్నాడు. ఇంతగా వంగినవి ఇక తిన్నగా కావన్నాడు.

ఆయన వెళ్లాక రాజక్క ఆ కోడిపిల్లను కింద దింపి అంది.

"దిష్టి కాదు, గాలి కాదు. నా శరమే, ఆ సిగ్గే వీటి కాళ్లు తీసింది."

మేత దాకా పాకలేనివాటిని కసాయికి ఇవ్వకుండా తనే చంపింది. మిగిలినవి ఎన్నో లేవు. వాటికోసం పట్టాలన్నీ పీకి పారేసింది. చేతులు కడుక్కుని తిన్నగా మా గదికొచ్చి, నా ఒళ్లోని పిల్లను తీసుకుని వాకిట్లో ఎండలో కూర్చుంది. పిల్ల నల్లబడుతుందని మా అత్తగారు అరిచింది. రాజక్క తలెత్తలేదు.

"నల్లగైతే కానియ్యి పెద్దమ్మా. నడువనియ్యి."

కోళ్లు కంటపడ్డాయని ఇంటివాళ్లు మర్నాడే ఆమెను ఖాళీ చేయించారు. రాజక్క ఉమ్రిలో తమ్ముడి పంచన చేరింది. మళ్లీ కోళ్ల జోలికి పోలేదట. అత్తగారు ఎన్ని తిట్టినా నేను మాత్రం పిల్లను రోజూ ఎండలో ఆడించాను.

ఇప్పుడు నా బిడ్డకూ పిల్లలున్నారు. వచ్చి వెళ్లేటప్పుడు అది మలుపు దాకా చకచకా నడిచిపోతుంటే, నేను గుమ్మంలో నిలబడి దాని కాళ్లే చూస్తుంటాను.