మావయ్య పట్టిన దొంగగాలి

గ్లౌజు మావయ్యకి ఒకటే పిచ్చి. కంటబడిన ప్రతి కారుకీ ఊపిరి ఎలా ఆడుతోందో చూడాలి. చొక్కా జేబులో డాక్టర్లు వాడే పల్చటి రబ్బరు గ్లౌజు ఎప్పుడూ ఉండేది. ఇంజను స్టార్టు చేయించి, ఆయిలు పోసేచోట మూత తీసి, ఆ గొట్టం మూతికి గ్లౌజు తొడిగి, చేతులు కట్టుకుని నిలబడేవాడు. గ్లౌజు లోపలికి పీల్చుకుపోతే ఇంజను ఆరోగ్యంగా ఉన్నట్టు. ఉబ్బిపోయి ఐదువేళ్ళూ పైకి లేచాయంటే, లోపలి ఆవిరి బయటికి పోయే దారి ఎక్కడో పూడుకుపోయినట్టు. అప్పుడు మావయ్య మొహం లాటరీ తగిలినవాడి మొహంలా వెలిగిపోయేది.

మెకానిక్ షెడ్డు మూసేసి ఇంటిపట్టున కూర్చున్నాక ఈ జబ్బు మరీ ముదిరింది. దగ్గు తగ్గట్లేదని అత్తయ్య బలవంతంగా డాక్టరు దగ్గరకి తోలితే, దగ్గు సంగతి గాలికొదిలేసి డాక్టరు కారు బాగుచేసి, మందులకి బదులు గ్లౌజుల పెట్టె చంకన పెట్టుకొచ్చాడు. దూరపు చుట్టం ఒకాయన పోయినప్పుడైతే మరీ విడ్డూరం. అందరూ కళ్ళు తుడుచుకుంటుంటే ఈయన శవాన్ని తీసుకెళ్ళే బండి బానెట్ ఎత్తాడు. అత్తయ్య సిగ్గుతో చచ్చిపోయింది. బండి డ్రైవరు మాత్రం తాపీగా అన్నాడు, "కానివ్వండి బాబాయ్, లోపల పడుకున్నాయనకేం తొందర లేదు."

ఈయనతో ఎక్కువగా వేగింది మేనకోడలు. పరదాలు కుట్టి ఇళ్ళకీ హోటళ్ళకీ ఇచ్చేది. ఇంట్లో ఆమె, కుట్టుమిషను, గుట్టలుగా బట్ట. ఆ బట్ట మోయడానికి పాత టర్బో కారు, అంటే ఇంజనులోకి గాలిని బలంగా తోసే పంకా ఉన్నది, ఒకటి ఉండేది. ఆదివారం వచ్చిందంటే మావయ్య రెండు బస్సులు మారి మరీ దిగేవాడు, సరాసరి ఆ కారు దగ్గరికి.

ఒకసారి ఆమె ఎవరి మాటో విని, షోకైన షాపులో కొత్త ఎయిర్ ఫిల్టరు పెట్టించింది. దానితోపాటు వాళ్ళు గాలిని కొలిచే సెన్సరు చోటు కూడా మార్చేశారు. కారు ఎత్తు ఎక్కనని మొరాయించడం మొదలుపెట్టింది. మావయ్య బానెట్ ఎత్తి, తన కన్నబిడ్డని ఎవరో కొట్టినట్టు విలవిల్లాడిపోయాడు.

"టర్బో పీల్చే గాలిని గుమ్మంలోనే లెక్కపెట్టాలే. ఫిల్టరు దాటగానే సెన్సరు, దాని వెనక ఇంజను ఆవిరి తిరిగొచ్చే పైపు, ఆ తర్వాత టర్బో. వీళ్ళు పైపుని ముందు పెట్టి సెన్సరుని వెనక్కి నెట్టారు. నూనె ఆవిరంతా లెక్కపెట్టేవాడి మొహానే కొడుతుంటే వాడేం లెక్కపెడతాడు, పాపం!"

సెన్సరుని తుడిచి, వరస సరిచేసి, అన్నీ బిగించాడు. కారు కుదుటపడింది. అక్కడే వచ్చింది చిక్కు. ఆ తర్వాత ఏ ఆదివారం చూసినా గ్లౌజు బుద్ధిగా లోపలికి పీల్చుకుపోయేది. మావయ్య మొహం వాడిపోయేది. కాఫీ సగం తాగి, ఇక వెళ్ళొస్తానని లేచేవాడు. మేనకోడలి ప్రాణం ఉసూరుమనేది.

అందుకని ఆమె ఓ పని మొదలుపెట్టింది. శనివారం సాయంత్రం బానెట్ ఎత్తి, ఆ ఆవిరి పైపు క్లిప్పుని కాస్త వదులు చేసేది. మర్నాటికల్లా ఇంజను చలిజ్వరం వచ్చినట్టు వణికేది. మావయ్యకి పండగే. సెన్సరు లెక్కకి దొరక్కుండా దొంగగాలి దూరుతోందని వీధి మొత్తం వినబడేలా చెప్పి, గంటసేపు వెతికి, క్లిప్పు బిగించి, భోంచేసి, ఓ కునుకు తీసి మరీ వెళ్ళేవాడు. ఇలా ఏళ్ళు గడిచాయి. దొంగగాలి ఒక్క వారం కూడా నాగా పెట్టలేదు.

చివరికి కారు అడుగుభాగాన్ని తుప్పు తినేసింది. ఆమె దాన్ని అమ్మేసి బ్యాటరీ కారు కొనుక్కుంది. మావయ్యకి చెప్పడానికి నోరు రాక అత్తయ్య చెవిన వేసింది. ఆ ఆదివారం మావయ్య రాలేదు. తర్వాతి వారమూ రాలేదు. కారుతోపాటు మావయ్యని కూడా అమ్మేసుకున్నానా అని ఆమెకి దిగులు పట్టుకుంది. రమ్మని ఫోను చేద్దామంటే, ఏం చూడ్డానికి రమ్మంటుంది?

ఆ పై ఆదివారం ఉండబట్టలేక తనే ఆయనింటికి వెళ్ళింది. మావయ్య కొత్త కారు చుట్టూ ఓ చుట్టు తిరిగి, బానెట్ ఎత్తి, గ్లౌజు పట్టుకుని బిక్కమొహం వేశాడు.

"దీని మూతి ఎక్కడే?"

"దీనికి ఊపిరితో పని లేదు మావయ్యా."

ఆయన గ్లౌజు మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ మొహం చూసి ఆమె ఇక దాచలేకపోయింది.

"మావయ్యా, ఆ క్లిప్పు... నేనే వదులు చేసేదాన్ని."

"తెలుసు."

"తెలుసా?"

"నీ కుట్టుమిషను స్క్రూడ్రైవరు సన్నం కదే. క్లిప్పు స్క్రూ పక్కనంతా గీతలే. మొదటి వారమే చూశాను."

"మరి గంటసేపు వెతికేవాడివి?"

"ఠక్కున దొరికిందంటే ఠక్కున వెళ్ళిపోవాలిగా. వారమంతా పరదాలతో తప్ప ఇంకెవరితోనూ మాట్లాడని పిల్లవి. అదివరకు బానెట్ ఎత్తడం కూడా చేతకానిదానివి, నన్ను రప్పించుకోడానికి ఇంత తంటాలు పడుతున్నావంటే రాకుండా ఎలా ఉంటానే?"

ఆయన కోసం తను ఆడుతున్న నాటకం అనుకుంది ఇన్నాళ్ళూ. తనకోసం ఆయన ఆడుతున్నదని ఇప్పుడు తెలిసింది. ఏడవాలో నవ్వాలో తెలియక గట్టిగా నవ్వేసింది.

"వచ్చే ఆదివారం ఊరికే రా మావయ్యా."

"ఊరికే వచ్చి ఏం చెయ్యాలే?"

"కూర్చోవాలి."

మావయ్య కాసేపు ఆలోచించి, ప్రయత్నిస్తానన్నాడు.

ఆదివారం అన్నట్టే వచ్చాడు. కుర్చీలో ఇబ్బందిగా సర్దుకుని, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచక ఒళ్ళో పెట్టుకుని, గొంతు సవరించుకుని అడిగాడు.

"ఎలా ఉన్నావే?"

ఇన్నేళ్ళలో ఆయన నోట ఆమె ఆ ప్రశ్న వినడం అదే మొదటిసారి. ఇంకెవరైనా అడిగితే బాగానే ఉన్నానని ఊరుకునేదే. మావయ్యకి మాత్రం చెప్పడం మొదలుపెట్టింది. భోజనాల వేళ దాటినా చెబుతూనే ఉంది. మధ్యలో మావయ్య ఓ కునుకు తీశాడు. ఆమె ఏమీ అనుకోలేదు, ఆయన లేచాక మళ్ళీ మొదటినుంచీ చెప్పింది.