సాక్చి బట్టల కొట్లో నా కార్డు

ఇది కుటుంబ గౌరవం, నమ్మకద్రోహం, కన్నీళ్లు కలిసిన మహాగాథ. నిజం చెప్పాలంటే, బట్టల కొట్లో కార్డు పనిచేయని సంగతి.

మాది జంషెడ్‌పూర్‌. ఫోను వాయిదాలు ఎగ్గొట్టి క్రెడిట్ స్కోరు పాడుచేసుకున్నాను. దాన్ని బాగుచేసుకుందామని బ్యాంకులో చిన్న డిపాజిట్ వేసి, దాని మీద ఒక క్రెడిట్ కార్డు తీసుకున్నాను. నెలనెలా పెట్రోలు కొట్టించడం, బిల్లు కట్టడం, అంతే దాని పని. ఇంట్లో మాత్రం "బ్యాంకువాళ్లే పిలిచి ఇచ్చారు" అన్నాను. ఉక్కు ప్లాంటులో పనిచేసే నాన్న, నాకు ఉద్యోగం వచ్చినట్టు షిఫ్టు బస్సులో లడ్డూలు పంచాడు.

అక్క పెళ్లి చీరలకు సాక్చి బజారుకి వెళ్లాం. విజయనగరం నుంచి వచ్చిన మావయ్య డబ్బు తీయబోతే నాన్న చెయ్యి పట్టుకున్నాడు.

"నువ్వు తీత్తావేటి బావా? మావోడికి బ్యాంకోళ్లే పిలిచి కార్డిచ్చారు. తియ్యరా!"

డిపాజిట్ ఎంతో లిమిట్ కూడా అంతే, చాలదని నాకు తెలుసు. అయినా ఇచ్చాను. నిజం నా నోటితో చెప్పడం కంటే మిషన్ చెబితే నయమనిపించింది.

అది చెప్పింది. కొట్టాయన మరింత గట్టిగా చెప్పాడు: "లిమిట్ బహుత్ కమ్ హై, భయ్యా!" లిమిట్ మరీ తక్కువట.

"పిలిసి మరీ ఇంతే ఇచ్చారేట్రా?" అని నవ్వుతూ మావయ్యే డబ్బు కట్టాడు. నాన్న తలెత్తలేదు.

ఇంటికొచ్చాక అంతా చెప్పేశాను. నాన్న తిట్టలేదు. "రేపు బస్సులో నానేటి సెప్పాల్రా?" అన్నాడు.

తర్వాత కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి కనుక్కున్నాను. కొట్లో కార్డు పనిచేయనంత మాత్రాన స్కోరు తగ్గదట.