బెల్లం చేరని చోటు

ఇవాళ బహదూర్‌పురా మటన్ దుకాణంలో వేలాడుతున్న మేక ఊపిరితిత్తులు చూడగానే బాపు గుర్తొచ్చాడు.

మన ఈడువాళ్లకు యాదుందా, బేగంబజార్ మిర్చి గోదాముల ముందు నుంచి నడిస్తే వచ్చే ఆ తుమ్ములు? బాపు అక్కడే హమాలీ. సాయంత్రం దగ్గుతూ వచ్చి, తోటి హమాలీలందరిలాగే బెల్లం ముక్క నోట్లో వేసుకునేవాడు. లోపలి దుమ్మంతా బెల్లమే కడిగేస్తుందని వాళ్ల నమ్మకం.

ఓ ఆదివారం అమ్మ కూరకని మేక ఊపిరితిత్తులు కడుగుతుంటే, గాలిగొట్టంలో బొప్పాయి కాడ పెట్టి ఊదాను. లోపల వేల బుడగలున్నట్టు ఆ ముద్ద మెత్తగా ఉబ్బింది. నోరు తీయగానే తనంతట తానే ముడుచుకుంది. గట్టి రింగుల గాలిగొట్టం వెనక, అన్నంగొట్టం వేరుగా ఉంది.

"బాపూ, బెల్లం గీ గొట్టంల పోతది, దుమ్మేమో గా గొట్టంల పోతది. రెండూ యాడా కలుస్తలేవు!"

"మరి గిన్నేండ్లు తిన్న బెల్లం?"

"కడుపులకే!" అంటూ అమ్మ పకపకా నవ్వింది.

బాపు మాత్రం ఆ ముద్దను వేలితో నొక్కి నొక్కి చూశాడు.

మర్నాడు అమ్మ పాత చీర ముక్క తడిపి, ముక్కుకూ నోటికీ కట్టుకుని పనికి పోయాడు.

"ఏంది భాయ్, దుల్హన్ లెక్క ముసుగేసినవ్?" అని, పెళ్లికూతురంటూ గోదామంతా ఒకటే ఎగతాళి.

"నవ్వుకోండ్రి. నా బిడ్డ ఊది చూపెట్టింది," అన్నాడట బాపు, ముడి ఇంకాస్త బిగిస్తూ.