బయటికి పోయే గేటు

ఎల్బీనగర్ చౌరస్తాలో ట్రాఫిక్ పోలీసు ఈల వేసినప్పుడల్లా నా వీపు దానంతట అదే నిటారవుతుంది. పక్కనున్నవాళ్ళు నవ్వుతారు. నవ్వనీ. ఆ చప్పుడు నాకు మల్లేశం బాబాయిది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒకప్పుడు నేనున్న లేడీస్ హాస్టల్‌కి ఆయన మేనేజరు, అమ్మాయిలందరికీ బాబాయి. అంతకుముందు గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ గేటు దగ్గర పనిచేసేవాడు. ఏ లారీ లోపలికి రావాలో, ఏది బయటికి పోవాలో ఆయన ఈలే చెప్పేది. మార్కెట్ తరలిపోయినా ఈల మెడలోనే ఉండిపోయింది. టిఫినుకి పిలవాలన్నా, నీళ్ళ ట్యాంకరొచ్చింది బకెట్లు తెచ్చుకోండని చెప్పాలన్నా అదే. గుంటూరు నుంచి వచ్చిన కొత్తలో ఆ గోలకి ఎంత విసుక్కున్నానో!

హాస్టల్ మొత్తానికి ఒకటే ఇంటర్నెట్ లైను. ఒకమ్మాయి సినిమా పెడితే మిగతావాళ్ళ క్లాసులు ఆగిపోయేవి. నెట్‌వర్కింగ్ కోర్సు చదువుతున్నానన్న పొగరుతో రౌటర్ బాధ్యత నేనే నెత్తిన వేసుకున్నాను. ఒక్కో ఫోనుకి ఇంతకు మించి రాకూడదని హద్దు పెట్టాను. తగువులు ఆగాయి. ఇక మన హాస్టల్లో నెట్ ఆగడమన్న మాటే లేదని ఎగిరెగిరి పడ్డాను. సరిగ్గా నా ఉద్యోగం ఆన్‌లైన్ ఇంటర్వ్యూ రోజునే ఆగింది. ఇంటర్వ్యూ చేసేవాళ్ళ ముఖాలు నాకు చక్కగా కనిపిస్తున్నాయి, నా ముఖమే వాళ్ళకి చేరడం లేదు. "మీ మాట ముక్కలుగా వస్తోందండీ. మూడింటికి ఇంకొక్కసారి చూద్దాం. అప్పుడూ ఇంతే అయితే వదిలేద్దాం" అన్నారు. నెట్‌వర్క్ ఉద్యోగానికి వెళ్ళి నెట్ అందక ఓడిపోవడమా! వేరేచోటికి వెళ్ళి మాట్లాడమన్నారు స్నేహితులు. నేను చక్కదిద్దిన లైను వదిలి నేనే పారిపోవాలా? ససేమిరా అన్నాను. అని, మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

"ఏమైంది బిడ్డా? గంత పరేషాన్ ఎందుకు?" అంటూ బాబాయ్ వచ్చాడు. చెప్పాను. రౌటరంటే ఆయనకి గోడ మీద మిణుకుమనే డబ్బా, అంతే.

"ఆళ్ళు నీకు కనవడుతున్నరా?"

"కనపడుతున్నారు బాబాయ్."

"నువ్వు ఆళ్ళకు?"

"లేదు."

"మరింకేంది! లోపటికి ఒస్తున్నది, బయటికి పోతలేదు. పోయే గేటు చూసినవా?"

"ఇది లారీల గేటు కాదు బాబాయ్!" అని గయ్యిమన్నాను. ఆయన నొచ్చుకోలేదు. "కాదులే. జర చూడు" అన్నాడు.

విసురుగా రౌటర్ సెట్టింగులు తెరిచాను. వచ్చేదానికి ప్రతి ఫోనుకీ హద్దు ఉంది. పోయేదానికి హద్దు రాయాల్సిన గడులన్నీ ఖాళీ! ముందురోజు అమ్మాయిలంతా బోనాల్లో తీసిన వీడియోలని వాళ్ళ ఫోన్లు వాటంతట అవే ఆన్‌లైన్‌కి పంపుతున్నాయి. ఆ తోపులాటలో నా మాట ఇరుక్కుపోయింది. నెత్తి కొట్టుకున్నాను. పోయేదానికీ హద్దులు పెడుతూ లైనంతా పంచేయబోతే బాబాయ్ ఆపాడు. "మొత్తం నింపకు బిడ్డా. మార్కెట్ల గేటు కాడ ఒక్క లారీ తిరిగేంత జాగ ఎప్పుడూ ఖాళీ ఉంచుతుంటి. అది నిండిందంటే అన్నీ ఆగుతయ్." ఆయన చెప్పినట్టే లైనులో కొంత ఎవరికీ పంచకుండా వదిలాను.

మూడింటికి నా ముఖం, నా మాట చక్కగా వాళ్ళని చేరాయి. పొద్దుటికీ ఇప్పటికీ ఏం మార్చారని అడిగారు. నా తప్పుతో సహా అంతా చెప్పేశాను. ఎవరు నేర్పారంటే, "మా హాస్టల్ మేనేజరు గారు" అన్నాను, గొంతు ఎత్తి మరీ. సాయంత్రానికి ఉద్యోగం ఖాయమని ఫోనొచ్చింది. బాబాయ్ వరండాలోకి వెళ్ళి ఊపిరంతా పెట్టి ఈల ఊదాడు చూడండి, నాలుగంతస్తుల అమ్మాయిలూ బకెట్లతో దిగారు! "ట్యాంకర్ గాదు! మన బిడ్డకు నౌకరి ఒచ్చింది!" అని అరిచాడు. బకెట్లు వాయించి గోల చేశారు. సంతోషంతో మళ్ళీ ఏడ్చాను.

బాబాయ్ ఇప్పుడు లేడు. నేను ఎల్బీనగర్‌లో ఒక నెట్‌వర్క్ ఇంజినీర్ల బృందాన్ని నడుపుతున్నాను. కొత్త లైను పెట్టిన ప్రతిచోటా ముందు పోయేదానికి హద్దు పెట్టి, ఒక్క లారీకి జాగా వదులుతాను. మొన్న మా ఇంజినీరు శ్రావణికి ఒక లైను పొద్దుట్నుంచీ లొంగలేదు. పోయేవైపు చూడమన్నాను. "అక్కడేం ఉండదు మేడమ్!" అని గయ్యిమంది. ఒకప్పటి నా నోటికైతే ఎంత మాట వచ్చేదో! "ఉండదులే. జర చూడు" అన్నాను. చూసింది. దొరికింది. గది అదిరేలా కేక వేసింది. మెడలో లేని ఈల కోసం నా చెయ్యి పైకి వెళ్ళింది.