సబ్బుబిళ్ళ పిన్ని తుడిచిన వ్యాగన్

మరకలకి భయమంటూ ఉంటే అది సబ్బుబిళ్ళ పిన్నిని చూస్తేనే. ఆ పేరు పెట్టింది పైవాటాలో ఉండే వదిన, అంటే ఆమె భర్త గార్డుగారి అక్క. ఆవిడ సరదాకి ఒకసారి అంటే వీధంతా అందుకుంది. ఇరవై ఎనిమిదేళ్ళు గూడ్సుబండి గార్డు చొక్కాలు ఉతికిన మనిషికి ఇంకే పేరు పెట్టినా అతికేది కాదు.

గూడ్సు గార్డు అంటే బండి చివరి పెట్టెలో కూర్చుని, ముందు నలభై వ్యాగన్లు రేపిన ధూళంతా ఒంటికి పట్టించుకుని ఇంటికొచ్చే ఉద్యోగం. గార్డుగారు వచ్చీరాగానే స్నానానికి వెళ్ళేవారు. ఎక్కడికెళ్ళారో, బండిలో ఏముందో ఒక్క ముక్క చెప్పేవారు కాదు. అడిగితే, "గూడ్సుబండిలో గూడ్సు ఉంటుంది" అనేవారు. అంతటి మాటకారి మరి! పిన్ని అడగడం మానేసింది. చొక్కా నానేస్తే బకెట్టే చెప్పేది. బొగ్గయితే నీళ్ళు మొదట నల్లగా, రెండో జాడింపుకి గోధుమరంగుగా దిగేవి. ఇనుప ఖనిజమైతే కుట్లలో దూరిన ఎరుపు ఆమె చేత మూడు చెరువుల నీళ్ళు తాగించేది. సిమెంటయితే జేబు మూలలు గట్టిపడేవి.

రిటైరయ్యాక గార్డుగారు ముందుగదిలో బల్ల వేసుకుని బొమ్మ వ్యాగన్లు చెయ్యడం మొదలుపెట్టారు. పిల్లలు ఆడుకునేవి కావు. ఒక్కోటీ మూరెడు పొడవు, అసలు వ్యాగన్‌కి ఎన్ని రివెట్లుంటాయో దీనికీ అన్నే. ఇదే పిచ్చి ఉన్నవాళ్ళు మరో పదిమంది కలిసి ఒక క్లబ్బు పెట్టుకున్నారు. దానికి కార్యదర్శి ఒక పళ్ళ డాక్టరు. ఏటా తలా ఒక వ్యాగన్ చేసి, బాగున్నవాటిని కలిపి బండి కట్టి, టౌన్‌హాల్లో పట్టాల మీద నడుపుతారు. గార్డుగారి వ్యాగన్ని పళ్ళ డాక్టరు వరసగా రెండేళ్ళు పక్కన పెట్టేశాడు. "పెళ్ళికొడుకులా ఉందండీ. పని చేసిన వ్యాగన్‌లా లేదు" అన్నాడు. మూడో ఏడు గార్డుగారు బొగ్గు వ్యాగన్ ఎత్తుకున్నారు. ఈసారి మసీ తుప్పూ పట్టించి తీరాలని పంతం. ఆ పంతం వెనక ఒక దిగులుంది. ఆరు నెలలుగా కుడిచెయ్యి వణుకుతోంది. ఇదే ఆఖరి వ్యాగన్ అని ఆయనకి తెలుసు, పిన్నికీ తెలుసు. ఇద్దరూ ఆ మాట పైకి అనలేదు.

వణుకు తెలియకుండా వ్యాగన్ని బల్ల మీద పడుకోబెట్టి, ముంజేయి ఆనించి, సన్నకుంచెతో మూడు వారాలు రంగుపొడులు అద్దారు. ఏం చేస్తున్నారో అలవాటు ప్రకారం పిన్నికి చెప్పలేదు. అవి నిలవాలంటే పైన వార్నిష్ కొట్టాలి. రేపు కొడదాంలే అని, ఒక బుధవారం వ్యాగన్ని కిటికీలో పెట్టి, కొత్త కళ్ళజోడు తెచ్చుకోవడానికి బజారుకెళ్ళారు.

పిన్ని గది ఊడవడానికి వచ్చింది. కిటికీలో వ్యాగన్, దాని మీద మురికి. పాపం, పనిలో పడి దుమ్ము కూడా చూసుకోలేదనుకుంది. తడిగుడ్డ పిండి, పసిపిల్ల మూతి తుడిచినంత జాగ్రత్తగా ఒక పక్కంతా తుడిచింది. రెండో పక్కకి తిప్పబోతుంటే గార్డుగారు గుమ్మంలోకి వచ్చారు.

"ఏం చేస్తున్నావ్?"

"ఎంత మురికి పట్టిందో చూశారా! అద్దంలా చేసేశాను."

ఆయన కుర్చీలో కూలబడ్డారు. తిట్టినా బాగుండేది. "అది మురికి కాదు. మూడు వారాల పని" అన్నారు. చెయ్యి చాపి చూపించారు. వేళ్ళు వణుకుతున్నాయి. "ఆదివారం టౌన్‌హాల్‌కి తీసుకెళ్ళాలి. ఈ చేత్తో మళ్ళీ నావల్ల కాదు."

సంగతి విని వదిన కిందికి దిగొచ్చి, "ఒరేయ్ తమ్ముడూ, దీన్ని మీ ఆవిడే నిజం మురికనుకుందంటే అంతకన్నా మెప్పేం కావాలిరా?" అంది. ఎవరూ నవ్వలేదు. ఆవిడ వచ్చిన దారినే మేడెక్కింది.

మర్నాడు పొద్దున్నే గార్డుగారు తను రావడం లేదని పళ్ళ డాక్టరుకి చెప్పడానికి ఫోను తీశారు.

"ఆగండి. నేను తుడిచిన పక్క నేనే చేస్తాను."

"నీకేం తెలుసు?"

ఆ మాటతో పిన్నికి ఎక్కడలేని రోషం వచ్చింది. "మసి సంగతి నాకు తెలిసినంత మీకేం తెలుసు? మీరు పట్టించుకొచ్చారు, అంతే. వదిలించింది ఎవరు?"

గార్డుగారు ఫోను కింద పెట్టేశారు.

పిన్ని వ్యాగన్ని పెరట్లో బట్టలు ఉతికే బండ దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన సన్నకుంచెలు ఆమెకి నచ్చలేదు. కాలర్లు రుద్దే పాత టూత్‌బ్రష్ తీసుకుంది. వ్యాగన్ని పడుకోబెట్టలేదు, చక్రాల మీద నిలబెట్టింది. వాన పడితే నీళ్ళు కిందికి కారాలి కదా! ఉతికేటప్పుడు నలుపు ముందు దిగి గోధుమరంగు తరవాత దిగుతుంది కాబట్టి, పట్టించేటప్పుడు గోధుమరంగు ముందు పట్టించింది. పొడి నీళ్ళలో పలచగా కలిపి, పైన అద్ది, దాని దారిన దాన్ని కారనిచ్చింది. ఆరాక దాని మీద నలుపు. కాలరు మడతలో మసి పేరుకున్నట్టు రేకుల మూలల్లో ఎక్కువ, మధ్యలో తక్కువ. తలుపు కొక్కేన్ని బొటనవేలితో రుద్ది రుద్ది నిగనిగలాడించింది. గార్డుగారు గుమ్మంలో పేపరు పట్టుకుని కూర్చున్నారు. రెండు రోజులూ ఒకటే పేజీ చదివారు.

ఆదివారం ఆ వ్యాగన్ బండిలో చేరింది, టౌన్‌హాల్లో తిరిగింది కూడా. కానీ పిన్ని ఇప్పటికీ తలుచుకునేది దాన్ని కాదు, శుక్రవారం మధ్యాహ్నాన్ని.

ఆమె వ్యాగన్ తెచ్చి బల్ల మీద పెట్టింది. ఆయన కొత్త కళ్ళజోడు పెట్టుకుని వంగి చూశారు. కొక్కెం మీద వేలు పెట్టారు.

"ఇది ఇలా అరుగుతుందని నీకెవరు చెప్పారు?"

"మీ చొక్కా. బండి కదిలేముందు కొక్కేలన్నీ లాగి చూసేవారు కాబోలు, కుడిచేతి అంచు ఎప్పుడూ అరిగిపోయేది. వానల్లో అయితే మూలల్లో నలుపు, వీపున చారలు, ఇదిగో ఇలాగే."

"ఇవన్నీ చూసేదానివా?"

"చూడకుండా ఎలా ఉతుకుతారండీ?"

ఆయన వ్యాగన్ని రెండో పక్కకి, తను చేసిన పక్కకి తిప్పారు. అక్కడ తుప్పు చుక్కలు వరసగా, బడిపిల్లల్లా నిలబడి ఉన్నాయి. మళ్ళీ ఇటు తిప్పారు. మళ్ళీ అటు. పిన్నికి భయం పట్టుకుంది.

"రెండు పక్కలూ కలవలేదు కదండీ" అంది.

గార్డుగారు లేచి పెరట్లోకి వెళ్ళారు. తడిగుడ్డ పిండుకుని వచ్చారు. పెళ్ళయినప్పటి నుంచీ ఆయన చేతిలో తడిగుడ్డ చూడటం పిన్నికి అదే మొదలు. పిన్ని "అయ్యో, అయ్యో" అంటూనే ఉంది, ఆయన తన మూడు వారాల పనిని ఈ చివర్నుంచి ఆ చివరికి తుడిచేశారు. వణికే చేత్తోనే, ఒక్క చుక్క మిగలకుండా.

"ఈ పక్క కూడా నువ్వే చెయ్యి" అన్నారు.