కంప్యూటరుకు మూఢం లేదు

మా సిమెంటు కంపెనీలో వానలకు ముందు ఎప్పుడూ ఒకటే గొడవ. ఎక్కువ కొంటే ధర తగ్గించే స్కీము ఆశపెట్టి డీలరు గోడౌన్ నింపేస్తే అమ్ముకునే తిప్పలు ఆయనే పడతాడని మా మేనేజరు వాదన. దాన్ని పుష్ అంటారు. తాపీ మేస్త్రీలనూ ఇల్లు కట్టుకునేవాళ్ళనూ కలిసి, వాళ్ళే మా బస్తా అడిగేలా చేయాలని నా వాదన. అది పుల్.

ఏదో ఒకటి తేలుద్దామని నేనే సిమ్యులేషన్ తయారుచేశాను. కంప్యూటర్లో ఉత్తుత్తి డీలర్లు, ఉత్తుత్తి కొనేవాళ్ళు. రెండు పద్ధతులూ నడిపి చూడడమే. తీరా చూస్తే పుష్ గెలిచింది. నా మొహం మాడిపోయింది. మేనేజరు జగ్గయ్యపేట ఆఫీసులో అందరికీ టీ తెప్పించి, మర్నాడే వత్సవాయి డీలరుకు లారీలు పంపమన్నారు. ఫోన్ చేస్తే ఆ డీలరు సరే పంపమన్నాడు. ఆయన గోడౌన్ కప్పు కారుతుందని నాకు తెలుసు. సరుకు కదలకపోతే చెమ్మకు బస్తాలు రాళ్ళవుతాయి, మనిషి మునిగిపోతాడు. ముంచేది నా లెక్కే అవుతుంది.

దిగులుగా నందిగామలో ఇంటికి చేరేసరికి మా మేస్త్రీ గుమ్మంలో ఉన్నాడు. మా కొత్త ఇంటికి పునాది ఎప్పుడు తవ్వాలని అడిగాడు. మూఢం వెళ్ళేదాకా గడ్డపార ముట్టుకోవద్దని ఖరాఖండిగా చెప్పి పంపించాను. లోపలికొచ్చి మంచినీళ్ళు తాగబోతూ ఆగిపోయాను. నా ఉత్తుత్తి జనానికి మూఢం పెట్టలేదు! వాళ్ళు పాపం ముహూర్తం ఊసే లేకుండా పునాదులు తవ్వుకుంటూ పోతున్నారు. సంగతి చెబితే మా ఆవిడ నవ్వింది.

"మనింటికి చూసిన పంచాంగం వాళ్ళకి కూడా చూడాల్సింది," అంది.

వెంటనే మూఢం కలిపి మళ్ళీ నడిపాను. పుష్ చేసిన బస్తాలు గోడౌన్లోనే కూర్చున్నాయి. పుల్ నెమ్మదిగానే సాగింది కానీ సరుకు మిగల్లేదు. మేనేజరుకు ఫోన్ చేశాను. ఆయన కూడా మూఢం పోయాకే గృహప్రవేశం పెట్టుకున్న మనిషి, వాదించలేదు. లారీలు ఆగాయి. గుండెల మీద కుంపటి దించినట్టయింది.

స్కీము పోయిందని డీలరు ఏమంటాడోనని మర్నాడు భయపడుతూనే వత్సవాయి వెళ్ళాను. లారీలు రావని చెప్పగానే ఆయన కుర్చీ వేసి కూర్చోబెట్టాడు.

"బతికించారండి. మొహమాటానికి వద్దనలేక సరేనన్నా. రాత్రి కంటిమీద కునుకు లేదు."

నా కంప్యూటర్లో డీలరు కూడా ప్రతిసారీ సరే అన్నాడు. అది ఇష్టమనే లెక్కేసుకున్నాను. ఇద్దరం టీ తాగుతుండగా వాన పట్టుకుంది. కప్పు కారడం మొదలైంది. కింద బస్తాలు లేవు, బకెట్టు ఉంది.